మూడు రోజుల కమ్మలు

విశ్వేశ్వరరావుగారికి కళ్ళు ఒక దారి, కాళ్ళు ఒక దారి. కొత్తగూడ ఫ్లైఓవరు పక్కన అపార్టుమెంటులో, నాలుగో అంతస్తులో, కొడుకు రోహిత్‌తో, కోడలితో కలిసి ఉంటారు. పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌కి నడకకి వెళ్తారు. ఆ నడకలో ఆయన చూడని వస్తువంటూ ఉంటే అది దారి ఒక్కటే. కొత్త టవరు మీద క్రేను చూస్తారు. ఆఫీసు బస్సు కిటికీలో నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్లల్ని చూస్తారు. బైక్ టాక్సీ వెనక కొంగు దోపుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఒళ్ళో కొత్తిమీర కట్టతో పోతున్న పెద్దావిడని కనుమరుగయ్యేదాకా చూస్తారు. నీటిపారుదల శాఖలో ఉన్నన్నాళ్ళూ ఆయన కొలిచిన కాలవల కన్నా పడిన కాలవలే ఎక్కువని తోటివాళ్ళు అనేవారు. మనిషి మాత్రం వెన్నపూస. చీమకి కూడా దారి ఇస్తారు, అది కనిపిస్తే.

ఆయన భార్య పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా పట్టదు కనక అందరికీ సుందరి. ఊరూ పేరూ కనుక్కోకుండా ఏ వస్తువునీ గుమ్మం దాటనివ్వదు. వంకాయలు తెస్తే ఏ ఊరి వంకాయలంటుంది. కొత్త పనిమనిషి వస్తే ముందు తాతగారి పేరు అడుగుతుంది. ఫ్రిజ్ కొన్ననాడు తెచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి, అది ఏ ఫ్యాక్టరీలో ఎప్పుడు పుట్టిందో చెప్పేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఈ ఇద్దరి మధ్యా నలభై ఏళ్ళుగా నలుగుతున్న సంగతి ఒకటుంది.

పెళ్ళయిన కొత్తలో, పాలకొల్లులో, అత్తగారు తన ఏడురాళ్ళ వజ్రాల కమ్మలు తీసి ముచ్చటపడి సుందరి చెవులకి పెట్టింది. మర్నాడు పొద్దున్న విశ్వేశ్వరరావుగారు సైకిలెక్కి ఆఫీసుకి బయల్దేరారు. వీధి మలుపు దగ్గర, అరుగు మీద కమ్మలతో నిలబడ్డ కొత్త పెళ్ళాన్ని వెనక్కి తిరిగి చూశారు. ఒకసారి చూసి ఊరుకుంటే ఈ కథే లేదు. మళ్ళీ చూశారు. మూడోసారి చూస్తూ చూస్తూ వెళ్ళి ఎదురుగా వస్తున్న గడ్డిబండిని గుద్దుకుని, సైకిలుతో సహా మురిక్కాలవలో పడ్డారు. మోచెయ్యి విరిగింది.

ఎలా పడ్డావురా అని ఇంటిల్లిపాదీ అడిగారు. పెళ్ళాన్ని చూస్తూ పడ్డానని కన్నతండ్రి ముందు ఏ మొగాడు చెబుతాడు? ఏమో, కళ్ళు తిరిగాయన్నారు. అంతే, వాళ్ళమ్మ చూపు తిన్నగా కోడలి చెవుల మీదికి పోయింది. "వజ్రం అందరికీ పడదు. పడకపోతే ముందు మొగుడి మీదికే వస్తుంది" అంది. ఆ సాయంత్రానికల్లా కమ్మలు సుందరి చెవులు దిగి పెద్దకోడలు కనకమ్మ చెవులెక్కాయి. అప్పటి నుంచీ కనకమ్మ తల ఊపకుండా మాట్లాడిన రోజు లేదు. ఊపకపోతే రాళ్ళు మెరవవు కదా.

సుందరి మాత్రం చుట్టాలందరిలో వజ్రం పడని మనిషిగా మిగిలిపోయింది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు జాలిగా అనేవారు, "పాపం, దానికి పడవమ్మా" అని. సుందరి నవ్వేసి వంటింట్లోకి పోయేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా విశ్వేశ్వరరావుగారికి లోపల ఎక్కడో ఆ మురిక్కాలవ కంపు కొట్టేది.

భార్యకి అరవై నిండుతున్నాయనగా ఆయన కోడలు రసజ్ఞని బాల్కనీలోకి పిలిచి గుసగుసగా అడిగారు. రసజ్ఞ ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే ప్రపంచంలో ఏ సమస్యకైనా జవాబు చెప్పగలదు.

"ల్యాబ్‌గ్రోన్ తీసుకుందాం మావయ్యగారూ. ల్యాబ్‌లో పెంచిన వజ్రం. కెమికల్‌గా సేమ్ టు సేమ్. మన బడ్జెట్‌లో వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, భూమిలోంచి తవ్వింది కాదు, రాజులు దోచింది కాదు, ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి మారింది కాదు. ఇంక దోషం ఎక్కడి నుంచి వస్తుంది?"

ఆ ఆఖరి ముక్క విశ్వేశ్వరరావుగారికి అమృతంలా ఉంది. ఆయనకి దోషం మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

ఆ ఆదివారం ముగ్గురూ గచ్చిబౌలిలో దుకాణానికి వెళ్ళారు. దుకాణం ఆసుపత్రిలా తెల్లగా ఉంది. తలుపులు కూడా అద్దాలే. ఆమని అనే అమ్మాయి నల్లకోటు వేసుకుని, వెల్వెట్ పళ్ళెంలో ఏడురాళ్ళ కమ్మలు తెచ్చి పెట్టింది. అచ్చం అత్తగారి కమ్మల నమూనాయే. సుందరి చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. విశ్వేశ్వరరావుగారు అది చూశారు.

"ఇవి ఏ ఊరమ్మా?" అని మొదలుపెట్టింది సుందరి.

"స్టోన్స్ సూరత్‌లో పెరుగుతాయి మేడమ్."

"పెరుగుతాయా?"

"అవునండీ. సన్నటి వజ్రపు పలుకు ఒకటి సీడ్‌గా పెడతారు. మెషీన్‌లో గ్యాస్‌ని బాగా వేడి చేస్తే, ఆ పలుకు మీద పొరలు పొరలుగా కొన్ని వారాల్లో పెద్ద వజ్రం తయారవుతుంది."

"ఓహో. పాలల్లో తోడేసినట్టు."

"కరెక్ట్ మేడమ్! ఎగ్జాక్ట్‌గా అలాగే" అంది ఆమని సంబరంగా. పాపం, చిన్నపిల్ల. ఎవరితో మాట్లాడుతోందో తెలీదు.

"మరి తోడు ఎవరిది?" అంది సుందరి.

ఆమని వెల్వెట్ పళ్ళెం కాస్త తన వైపు జరుపుకుంది.

"అంటే... ఇంకో వజ్రంలోంచి కోసిన ముక్క మేడమ్."

"ఆ ఇంకో వజ్రం తోడు ఎవరిది?"

ఆమని రసజ్ఞ వైపు చూసింది. రసజ్ఞ విశ్వేశ్వరరావుగారి వైపు చూసింది. విశ్వేశ్వరరావుగారు దుకాణం బయట పోతున్న ఏదో బండి వైపు చూశారు.

"పాలు ఎంత చిక్కటివైనా తోడు పుల్లటిదైతే పెరుగు పులుస్తుందా లేదా?" అంది సుందరి. ప్రశ్నలో తప్పేమీ లేదు. మేనేజరు వచ్చి, తోడుకి తోడు, దానికి తోడు అంటూ వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకచోట భూమిలో దొరికిన వజ్రమే ఉండి ఉండవచ్చునని నిజాయితీగా ఒప్పుకున్నాడు. రసజ్ఞ వాదన కాస్తా గంగలో కలిసిపోయింది.

"పోనీ పుట్టినతేదీ ఉందా?" అంది సుందరి. "గనిలో రాయికైతే జాతకం కట్టలేం. ఇది మెషీన్‌లో పుట్టిందన్నారు కదా, టైముతో సహా రాసి ఉంటారు."

ఇలాంటిది ఎవరూ ఇంతవరకు అడగలేదని ఆమని అంది. అయినా మంచి పిల్ల, సూరత్‌కి ఫోను చేసింది. అక్కడివాళ్ళకి తెలుగు రాదు, ఈ పిల్లకి గుజరాతీ రాదు, మధ్యలో హిందీ నలిగింది. చివరికి తేదీలు దొరికాయి. మెషీన్‌లో పెట్టినది ఒకటి, తీసినది ఒకటి.

"ఏది లెక్క?" అంది సుందరి.

"తీసినదే. సిజేరియన్ అనుకో" అన్నారు విశ్వేశ్వరరావుగారు. ఆ పూట ఆయన పనికొచ్చిన మాట అదొక్కటే.

రసజ్ఞ ఫోనులో జాతకం వేసింది. మఖా నక్షత్రం. సుందరి జాతకంతో పొంతన చూస్తే బ్రహ్మాండంగా కుదిరింది. "మావయ్యగారితో కన్నా బాగా మ్యాచ్ అయింది అత్తయ్యగారూ" అంది రసజ్ఞ. విశ్వేశ్వరరావుగారికి అత్తెసరు మార్కులే వచ్చాయని అప్పుడే తెలిసింది. ఆయన ఏమీ అనుకోలేదు.

అంతా బాగానే ఉంది కానీ తోడు సంగతి తేలలేదు. అప్పుడు ఆమని తమ దుకాణంలో హోమ్ ట్రయల్ ఉందని చెప్పింది. డిపాజిట్ కట్టి ఇంటికి తీసుకెళ్ళి, మూడు రోజులు పెట్టుకుని చూసి, నప్పకపోతే వెనక్కి ఇచ్చెయ్యచ్చు. దుకాణంవాళ్ళు ఆ మూడు రోజులూ పెట్టింది ఏ చీర మీదికి బాగుంటాయో చూసుకోడానికి. సుందరికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

"మూడు రోజులా! సరిగ్గా మన లెక్కేనండీ. మా అమ్మమ్మ కూడా వజ్రం కొంటే మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసేది. ఈ షాపువాళ్ళు శాస్త్రం తెలిసినవాళ్ళు."

సంగతి సాయంత్రానికల్లా నార్సింగి చేరింది. అక్కడ పెద్ద టవరులో కొడుకు దగ్గరుంటున్న కనకమ్మ వీడియోలోకి వచ్చి తల ఊపింది.

"నీ మంచికే చెబుతున్నా సుందరీ. మూడు రోజులు కళ్ళల్లో వత్తులేసుకుని చూడు. ఇంట్లో చీమ కాలు బెణికినా సరే, వెనక్కి ఇచ్చెయ్యి. మూడో రోజు సాయంత్రం నేనే వస్తా. నా కళ్ళతో చూసి, పడ్డాయో లేదో నేను చెబుతా."

"అలాగే అక్కయ్యా" అంది సుందరి.

మర్నాడు తెల్లవారి స్నానం చేసి, దేవుడి దగ్గర పెట్టి, సుందరి కమ్మలు పెట్టుకుంది. అద్దం ముందు నుంచి ఆవిడ ఇటు తిరిగినప్పుడు విశ్వేశ్వరరావుగారికి పాలకొల్లులో అరుగు కనిపించింది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. ఏ తేడా లేదు. ఈ కమ్మలు ఇంక ఆ చెవులు దిగకూడదని ఆయన గట్టిగా అనుకున్నారు. మూడు రోజులు తనకి ఏమీ కాకుండా ఉంటే చాలు. అదేమంత బ్రహ్మవిద్య?

ఆ మాట అనుకుని గంట తిరగలేదు. బొటానికల్ గార్డెన్‌లో పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకుంటున్న జంట ఒకటి కనిపించింది. పెళ్ళికొడుకు కిరాయి సైకిలు మీద, పెళ్ళికూతురు ముందు కమ్మీ మీద. పెళ్ళికొడుక్కి తొక్కడం రాదు. చుట్టూ నలుగురు పట్టుకుని తోస్తున్నారు. విశ్వేశ్వరరావుగారు ముచ్చటపడి చూస్తూ నడిచారు. స్ప్రింక్లరు తడిపిన నాపరాయి ఒకటి ఆయన కోసమే కాచుకుని ఉంది. వెల్లకిలా పడ్డారు. నడుము పట్టేసింది.

లేచి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదని నిర్ధారించుకున్నారు. చీమ కాలు బెణకకూడదంటే ఇక్కడ ఏనుగు నడుమే పోయింది. అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఐలయ్య పట్టేశాడు. ఐలయ్యది దేవరకొండ దగ్గర ఊరు. మనుషుల నడక చూసి వాళ్ళ ఇంట్లో సంగతి చెప్పగలనంటాడు.

"ఏంది సార్, గట్ల వంకర వోతున్నరు? దవాఖానకు పోదమా?"

"ష్! నాకేం కాలేదు ఐలయ్యా. మీ మేడమ్‌కి చెప్పకు."

"నేనెందుకు జెప్త సార్? ఫికర్ జెయ్యకుండ్రి."

ఇంట్లో సుందరి కాఫీ తెచ్చి, "కూర్చోండి" అంది. కూర్చుంటే లేవలేమని ఆయనకి తెలుసు.

"నిలబడే తాగుతా. కాఫీ తిన్నగా దిగుతుందట. యూట్యూబులో డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"గడ్డం ఉన్నాయన."

సుందరి ఇంకేమీ అడగలేదు. ఆయన టిఫినూ నిలబడే తిన్నారు, పేపరూ నిలబడే చదివారు, మధ్యాహ్నం భోజనం వంటింటి గట్టు మీద కంచం పెట్టుకుని నిలబడే కానిచ్చారు. పడుకునే వేళకి మంచం మీద ఆయన వైపు వేడినీళ్ళ సంచీ ఉంది. "నాకు కాళ్ళు లాగుతుంటే పెట్టుకున్నా, అటు జరిగినట్టుంది" అంది సుందరి. అదృష్టమంటే ఇదే అనుకుని ఆయన దాని మీదికి చేరారు.

రెండో రోజు నడక మానేశారు. ఇంట్లోనే ఉంటే ఏ గొడవా ఉండదు కదా. బాల్కనీలో ఆరేసిన తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నారు, కింద ఆగిన ఆఫీసు బస్సుని చూస్తూ. తువ్వాలు మడతలో కందిరీగ ఉంది. పై పెదవి మీద కుట్టింది. పది నిమిషాల్లో పెదవి బూరెలా పొంగింది.

పేపరు ఇవ్వడానికి వచ్చిన ఐలయ్య కంట పడితే, మేడమ్‌కి చెప్పకని సైగ చేసి, కరోనా నాటి మాస్కు ఒకటి వెతికి పెట్టుకున్నారు.

"ఇంట్లో మాస్కేవిటండీ?" అంది సుందరి.

"ఫ్లైఓవరు దుమ్ము."

"పెసరట్టు వేశా. తీసి తినండి."

"ఇవాళ ఉపవాసం."

"ఇవాళ సప్తమి. సప్తమికి ఎవరుంటారండీ ఉపవాసం?"

"అందరూ ఏకాదశికే ఉంటే ఎలా? సప్తమి ఏం పాపం చేసింది?"

అల్లం పచ్చడి వాసన మాస్కులోంచి కూడా వస్తోంది. ఆయన దేవుణ్ణి తలుచుకుని గోడ వైపు తిరిగారు. అంతలో కనకమ్మ వీడియో.

"విశ్వం, మూతికి ఆ గుడ్డేవిటయ్యా?"

"మీ నార్సింగిలో కట్టడాలెక్కువ కదా వదినా. దుమ్ము."

"ఫోనులోంచి వస్తుందా?"

"మన జాగ్రత్తలో మనం ఉండాలి."

కనకమ్మ అనుమానంగా తల ఊపింది. సుందరి పక్కకి తిరిగి దగ్గింది. ఆ తర్వాత, "ఎండ మరీ మండిపోతోంది, ఎవరైనా తాగుతారేమో" అని గట్టిగా అని, పల్చటి మజ్జిగ గ్లాసులో గొట్టం వేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. మాస్కు పక్కనుంచి గొట్టం దూర్చి ఆయన మజ్జిగంతా లాగేశారు. సప్తమి కూడా కాదనలేదు.

ఇంక మిగిలింది ఒక్క రోజు. మూడో రోజు పొద్దున్న పెదవి కాస్త తగ్గింది, ఆకలి మాత్రం దంచేస్తోంది. చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి, బండి దగ్గర రెండు ప్లేట్ల ఇడ్లీ మెత్తగా మింగి, లిఫ్టు ఎక్కారు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లైటు ఆరింది.

పడడమంటే ఆయనకి అలవాటే. పడకుండా మధ్యలో వేలాడడం మాత్రం ఇదే మొదలు. గుండె దడదడలాడింది. తలుపు బాదితే పైనుంచి ఐలయ్య గొంతు వినిపించింది.

"సార్, జర ఆగుండ్రి, మెకానిక్ వస్తుండు. మేడంకు ఫోన్ జెయ్యాల్నా?"

"వద్దు! నీకు దణ్ణం పెడతా, మేడమ్‌కి చెప్పకు!"

"ఏంది సార్ ఇది? మొన్న నడుం వాయె, చెప్పకు అంటిరి. నిన్న మూతి ఉబ్బె, చెప్పకు అంటిరి. ఇయ్యాల లిఫ్ట్‌ల ఇరుక్కుంటిరి, చెప్పకు అంటుండ్రు. ఇంట్ల ఏమన్న లొల్లా?"

చీకట్లో, తలుపు సందులోకి నోరు పెట్టి విశ్వేశ్వరరావుగారు కథంతా చెప్పారు. కమ్మలు, తోడు, వదిన, మూడు రోజుల గడువు. ఐలయ్య ఊ కొట్టాడు. మెకానిక్ వచ్చి ఊ కొట్టాడు. పాల ప్యాకెట్లు తెచ్చినతను కూడా ఆగి కాసేపు ఊ కొట్టి వెళ్ళాడు.

"గంతేనా? నేనింకేందో అనుకున్న" అన్నాడు ఐలయ్య. "నా నోట్లకెల్లి ఒక్క ముచ్చట బయటికి రాదు సార్. మా ఇంటామె అంజమ్మ మీద ఒట్టు."

సాయంత్రం కనకమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పూతరేకుల పెట్టె తెచ్చింది. సోఫాలో సర్దుకుని కూర్చుని, సుందరి చెవుల వైపు చూసింది. తన తల ఊపింది. సుందరి కూడా మర్యాదకి ఊపింది. రెండు జతల కమ్మలూ ఒకదాన్నొకటి చూసుకుని మెరిశాయి. ఏది గనిదో ఏది మెషీన్‌దో పుట్టించినవాడికి కూడా తెలీదు.

"మెరుపుకేం లోటు లేదులే" అంది కనకమ్మ ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "మరి విశ్వం ఎలా ఉన్నాడు?"

విశ్వేశ్వరరావుగారు కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుని, పూతరేకు ఒకటి పెదవికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. కొరకడంలేదు, దించడంలేదు. "దివ్యంగా ఉన్నా వదినా" అన్నారు రేకు వెనకనుంచి.

కనకమ్మ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఏమీ దొరకలేదు. వాచీ చూసింది. "సరే, దీపాలు పెట్టే వేళైంది. ఏ గండమూ లేకుండా గడిచినట్టే. ఇంక నేను..."

గంట మోగింది. రసజ్ఞ తలుపు తీసింది. ఐలయ్య చేతిలో సీసా పట్టుకుని, చెప్పులు బయట విడిచి, వినయంగా లోపలికి వచ్చాడు.

"సార్, మీ నడుంకని మా అంజమ్మ నూనె కాచి పంపింది. కందిరీగ కుట్టిన కాడ గూడ రాయొచ్చంట. పొద్దుగాల లిఫ్ట్‌ల గుండె దడ అన్నరు గద, గది తగ్గిందా సార్?"

విశ్వేశ్వరరావుగారి చేతిలో పూతరేకు ఒళ్ళో పడింది. ఐలయ్య గదిలో అందరి ముఖాలూ చూసి, ఏదో తేడా వచ్చిందని గ్రహించి, "నేనైతే ఎవ్వరికి చెప్పలే సార్" అని సీసా టీపాయ్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కనకమ్మ వేళ్ళు ముడిచింది. "నడుము. కందిరీగ. లిఫ్టు. మూడు రోజులు, మూడు గండాలు! నే చెప్పలా? ఆనాడే అత్తయ్యగారు చెప్పలా? నీకు పడవే సుందరీ. ఎందుకు వచ్చిన గొడవ, తీసి డబ్బాలో పెట్టెయ్."

సుందరి చెయ్యి చెవి మీదికి పోయింది. విశ్వేశ్వరరావుగారి ప్రాణం ఉసూరుమంది. నలభై ఏళ్ళ కిందట కూడా ఆ చెయ్యి ఇలాగే లేచింది. అప్పుడూ ఆయన నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డారు.

"తియ్యకు!" అన్నారు లేవబోతూ. నడుము పట్టేసి సగంలో ఆగిపోయారు.

"తియ్యడానికి కాదండీ, శీల బిగిద్దామని" అంది సుందరి. బిగించి తోడికోడలి వైపు తిరిగింది. "అవన్నీ నాకు తెలుసక్కయ్యా. మొదటి రోజే ప్యాంటు వెనక అంతా నాచు. వాషింగ్ మెషీన్‌లో వేసేది నేనే కదా. ముందు భయమే వేసింది, నిజం చెప్పద్దూ. తీసేద్దామనే అనుకున్నా. తీరా కాఫీ ఇస్తే నిలబడి గడ్డం డాక్టరు కథ చెప్పారు. అప్పుడు పోయింది భయం."

"భయం పోతే సరా? గండాలు వచ్చాయా లేదా?"

"వచ్చాయి. ఎప్పుడు రాలేదు చెప్పండి? మా రోహిత్ బారసాల నాడు పీట మీంచి పడ్డారు. అప్పుడు నా చెవులకి ఉన్నవి పూసలు. రిటైరైన రోజు మెళ్ళో దండతో వేదిక దిగుతూ కలెక్టరుగారి మీద పడ్డారు. అప్పుడు ఉత్త బంగారం దిద్దులు. నలభై ఏళ్ళు నేను వజ్రం ముట్టుకోలేదు, ఈయన పడని ఏడాది ఒక్కటి చూపించండి. ఎందుకూ, మొన్నటికి మొన్న మీ గృహప్రవేశంలో ఆవు వెనకాల నడుస్తూ పేడలో జారి, సర్వీసు లిఫ్టులో ఆవు కాళ్ళ కింద పడ్డారు. ఆ రోజు వజ్రాలు ఉన్నది మీ చెవులకి అక్కయ్యా."

కనకమ్మ తల ఊపడం ఆపింది. రసజ్ఞ ఇయర్‌ఫోన్ తీసేసింది.

"మరి... మరి ఆ సైకిలు?" అంది కనకమ్మ, ఆఖరి అస్త్రంగా. "కళ్ళు తిరిగి పడ్డాడుగా?"

సుందరి కొంగు సర్దుకుంది. అరవై ఏళ్ళ మనిషి ముఖంలోకి ఎక్కడి నుంచో ఎరుపు వచ్చింది.

"కళ్ళు తిరగలేదు. మెడ తిరిగింది. అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాగా. ఒకసారి చూశారు, రెండుసార్లు చూశారు. ముందు బండి వస్తోందని అరుద్దామనుకున్నా. కొత్తకోడల్ని, వీధిలో ఏమని అరవను? అరిచేలోపే పడ్డారు."

విశ్వేశ్వరరావుగారు సగం లేచినవారు సగంలోనే ఉండిపోయారు. ఆమెకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

"అప్పుడే చెబితే ఈ కమ్మలు నీవేగా, పిచ్చిమొహమా!" అంది కనకమ్మ.

"ఎలా చెప్పనక్కయ్యా? మావయ్యగారు అక్కడే పడక్కుర్చీలో ఉన్నారు. మీ అబ్బాయి నన్ను చూస్తూ కాలవలో పడ్డాడని ఏ నోటితో చెప్పను? కమ్మలు పోతే పోయాయి, ఈయన పరువు పోకూడదనుకున్నా."

విశ్వేశ్వరరావుగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కందిరీగ కుట్టినప్పుడు కూడా తిరగలేదు. ఇన్నేళ్ళూ తనొక్కడే దాచుకున్నాననుకున్న రహస్యాన్ని, ఈవిడ తనకన్నా భద్రంగా దాచింది.

కనకమ్మ మొదట మూతి బిగించింది. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి పొట్ట పట్టుకుని నవ్వింది. కమ్మలు రెండూ గిలగిలా కొట్టుకున్నాయి. నవ్వు ఆగాక చెవులు తడుముకుని, "ఇప్పుడు చెప్పి ఏం లాభంలే, ఇవి నాకు అలవాటైపోయాయి" అంది తొందరగా. "నీవి నీకు పడ్డాయి. నేను చెబుతున్నాగా. ఆ నూనె ఇలా ఇవ్వు, మూత రావట్లేదేవిటి?"

మర్నాడు ఇద్దరూ గచ్చిబౌలి వెళ్ళారు, కమ్మలు ఉంచేసుకుంటామని చెప్పడానికి. ఆమని ఎదురొచ్చి, "ఎలా ఉన్నాయి మేడమ్, సెట్ అయ్యాయా?" అంది. తోడు మంచిదేనని సుందరి చెప్పింది. సూరత్‌వాళ్ళకి తన మాటగా చెప్పమంది కూడా.

పని అయిపోయి బయటికి వస్తుంటే సుందరి ముందు నడిచింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి ఏడేడు రాళ్ళూ ఒక్కసారి వెలిగాయి. గుమ్మం దాటి ఆవిడ ఇటు తిరిగింది, ఆయన వస్తున్నారో లేదో అని.

"ముందు చూసి నడవండి" అంది.

"చూస్తూనే ఉన్నా" అన్నారు విశ్వేశ్వరరావుగారు ఆమెనే చూస్తూ. మూసుకుంటున్న అద్దం తలుపు ఆయన నుదుటికి ఠంగుమని తగిలింది.

దుకాణంలో అందరూ పరుగెత్తుకొచ్చారు. నుదుటి మీద అప్పుడే చిన్న ఉసిరికాయంత బొప్పి లేచింది. సుందరి దగ్గరికి వచ్చి, కొంగు ముడిచి, నోటితో ఆవిరిపట్టి దాని మీద అద్దింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అక్కయ్యకి చెప్పకండి."